మతిమరుపు అని తీసుకొచ్చారు, డిప్రెషన్ అని తేలింది: 63 ఏళ్ల రిటైర్డ్ కండక్టర్ కేసు

పెద్దవాళ్లు మాటలు మర్చిపోతున్నారంటే చాలు, అల్జీమర్స్ అనేయడం ఇప్పుడు ఇళ్లలోనే కాదు, క్లినిక్‌లలో కూడా అలవాటైపోయింది. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. డిప్రెషన్‌కు బాగా పనిచేసే చికిత్స ఉంది. రెండోదాన్ని మొదటిదిగా పొరబడితే బాగుపడాల్సిన మనిషిని మూలన కూర్చోబెట్టేస్తాం. ఈ కేసు రాయడానికి కారణం అదే. రాయడానికి ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. జబ్బు నడిచిన తీరును మాత్రం మార్చలేదు.

ఏ ఇబ్బందితో వచ్చారు

ఆయనకు 63 ఏళ్లు. ఖమ్మం జిల్లా. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి 2022లో రిటైరయ్యారు. భార్య, పెద్ద కొడుకు వెంటపెట్టుకుని తీసుకొచ్చారు. కొడుకు చేతిలో ఎంఆర్‌ఐ ఫిల్మ్ కవరు ఉంది. "నాన్నకు మెదడు కుంచించుకుపోతోందట సార్, ఇక ఇంతేనా?" అన్నదే అతని మొదటి ప్రశ్న.

సమస్య సంక్రాంతి తర్వాత మొదలైంది. గ్యాస్ స్టవ్ ఆపడం మర్చిపోయారు. కిరాణా కొట్టుకు వెళ్లి ఏం కొనాలో తెలియక వట్టి చేతులతో తిరిగొచ్చారు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు, మూడోసారి అసలు కట్టలేదు. ఇరవై ఏళ్లు పైసా తేడా రాకుండా డిపోలో లెక్క అప్పజెప్పిన మనిషి, ఇంటికొచ్చిన పాలబ్బాయికి చిల్లర ఇవ్వడానికి భయపడటం మొదలుపెట్టారు. తెలిసినవాళ్లు వయసన్నారు. ఒకాయన గాలి సోకిందన్నాడు. తాయెత్తూ కట్టించారు. తర్వాత ఒక స్పెషలిస్టు దగ్గర స్కాన్ తీయించి, డెమెన్షియాకు (అల్జీమర్స్ లాంటి, తెలివి, జ్ఞాపకం తగ్గిపోయే జబ్బులకు) వాడే డోనెపెజిల్ మొదలుపెట్టారు. ఆ మందుతో వికారం వచ్చి, అప్పటికే తగ్గిన తిండి ఇంకా తగ్గింది.

నేను ఆయన్నే అడిగాను, ఇబ్బందేమిటని. చాలాసేపు నేల చూశారు. "బుర్ర పని చేయట్లేదు సార్. ఏమీ గుర్తుండట్లేదు. నన్ను చూపించి ప్రయోజనం లేదు, డబ్బులు దండగ" అన్నారు.

ఈ మాటలోనే రెండు ఆధారాలున్నాయి. అల్జీమర్స్ మొదలైన వాళ్లలో చాలామంది తమకు మతిమరుపు ఉందని ఒప్పుకోరు. ఇంట్లోవాళ్లు చెబుతుంటే వాళ్లకు కోపం వస్తుంది, లేకపోతే నవ్వి తేల్చేస్తారు. ఇక్కడ ఇంట్లోవాళ్ల కంటే ఆయనే తన మరుపు గురించి ఎక్కువగా, బాధగా చెబుతున్నారు. రెండోది ఆ "దండగ". తన కోసం ఖర్చు పెట్టడమే తప్పన్నట్టు మాట్లాడే పెద్దమనిషి దగ్గర జ్ఞాపకశక్తి గురించి అడిగే ముందు మనసు గురించి అడగాలి.

ఎప్పటినుంచి, ఎలా

ఎప్పుడు మొదలైందని అడిగితే భార్య తడుముకోకుండా చెప్పారు. "పండక్కి బాగానే ఉన్నారండీ. కనుమ నాడు మనవడితో గాలిపటం కూడా ఎగరేశారు. మాఘమాసంలో మొదలైంది." అల్జీమర్స్‌లో ఇంత కచ్చితంగా తేదీ దొరకదు. "రెండేళ్లో, మూడేళ్లో అయింది, మెల్లగా వచ్చింది" అంటారు. వారాల్లో, నెలల్లో కిందికి జారిపోయిన తెలివి వేరే జబ్బును చూపిస్తుంది.

నిద్ర ఎలా పడుతోందని అడిగాను. రాత్రి తొమ్మిదికే పడుకుంటారు, మూడున్నరకు మెలకువ వచ్చేస్తుంది, మళ్లీ పట్టదు. ఆ చీకట్లో కూర్చుని ఏం ఆలోచిస్తారంటే, "ఏమీ లేదు, తెల్లారితే ఈ రోజు ఎలా గడపాలా అని" అన్నారు. పొద్దున మరీ అధ్వానంగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలిక. బరువు నాలుగైదు నెలల్లో 68 కేజీల నుంచి 61కి దిగింది. షుగర్ వల్ల అనుకున్నారు, కానీ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.1 మాత్రమే. ఆ షుగర్‌తో ఏడు కేజీలు పోవు.

మునుపు రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు. ఇప్పుడు మడత విప్పరు. పాత డిపో మిత్రులు టీ తాగడానికి పిలిస్తే తలనొప్పి అంటారు. మనవడు వీడియో కాల్ చేస్తే ఫోను భార్య చేతికిచ్చేస్తారు. నడక, మాట, ముద్ద నోట్లో పెట్టుకోవడం, అన్నీ నెమ్మదించాయి. ఆమె మాటల్లో "ఏం అడిగినా ఏమో అంటారు, అంతే."

బాధగా ఉందా, ఏడుపు వస్తోందా అని అడిగితే లేదన్నారు. నిజంగానే ఏడవలేదు కూడా. డిప్రెషన్ అంటే ఏడుపు, దిగాలు మొహం అని అనుకుంటాం గనక ఇలాంటివాళ్లు మన కళ్ల ముందు నుంచే దాటిపోతారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాడే డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాలున్నాయి. కనీసం రెండు వారాల పాటు, రోజులో ఎక్కువ భాగం, అందులో ఐదు ఉండాలి. ఆ ఐదింటిలో దిగులైనా, దేనిమీదా ఆసక్తి లేకపోవడమైనా ఒకటి తప్పనిసరి. రెండూ ఉండాలని లేదు. ఈయనకు దిగులు లేదు, మిగిలిన ఎనిమిదీ ఉన్నాయి: ఆసక్తి పోవడం, తిండి-బరువు తగ్గడం, నిద్ర చెడటం, కదలికలు మందగించడం, నీరసం, పనికిరానివాణ్ణనే భావం, మనసు నిలపలేకపోవడం. ఎనిమిదోది చావు గురించిన ఆలోచన. అది భార్యను, కొడుకును బయటికి పంపాక తెలిసింది.

ఆ ప్రశ్న నేను మెట్లు మెట్లుగా అడుగుతాను. బతుకు భారంగా అనిపిస్తోందా, పొద్దున లేవకపోతే బాగుండునని అనుకుంటున్నారా, చచ్చిపోవాలనిపిస్తోందా, ఎలా అని ఆలోచించారా, ఏమైనా సిద్ధం చేసుకున్నారా. ఆయన మూడో మెట్టు దాకా అవునన్నారు, నాలుగు, ఐదు లేవన్నారు. "వీళ్లకు భారం తగ్గుతుంది కదా సార్" అన్నారు. అలాంటి మాట విన్నాక ఇక ఓపికగా ఎదురుచూసే కేసు కాదిది. తర్వాత కొడుకు, "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో డాక్టర్ గారూ" అని భయపడ్డాడు. అవదు. అడిగితే పుట్టదు. ఇన్నాళ్లూ ఒంటరిగా మోసింది ఒకరికి చెప్పుకున్నట్టవుతుంది, మనకు ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

జ్ఞాపకశక్తి పరీక్ష

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా రాస్తాను. తికమక పడేది ఇక్కడే.

ముప్పై మార్కుల ఎంఎంఎస్‌ఈ పరీక్షలో ఆయనకు 21 వచ్చాయి. ఇంటర్ చదివిన మనిషికి అది తక్కువే. నంబరు మాత్రమే చూస్తే డెమెన్షియా అని రాసేయొచ్చు. కానీ మార్కులు ఎక్కడ పోయాయన్నది ముఖ్యం. తేదీ అడిగితే "తెలియదు". జిల్లా కలెక్టరేట్ ఎక్కడంటే "తెలియదు". వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే 93 అని ఆగి, "ఆపేయండి సార్, నావల్ల కాదు" అన్నారు. కాసేపు ఆగి, తొందరేం లేదు కండక్టర్ గారూ అంటే 86, 79, 72 దాకా తప్పు లేకుండా వచ్చారు. అల్జీమర్స్ మనిషి ఏదో ఒక జవాబు చెప్పేస్తారు, అది తప్పని వాళ్లకు తెలియదు. ప్రయత్నమైతే చేస్తారు. ఈయన ప్రయత్నానికి ముందే చేతులెత్తేస్తున్నారు.

మామిడిపండు, కుర్చీ, రూపాయి అని మూడు మాటలు చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడిగాను. ఒక్కటీ చెప్పలేదు. "ఒకటి పండు" అనగానే మామిడిపండు అన్నారు. "ఒకటి ఇంట్లో సామాను" అంటే కుర్చీ. రూపాయి కూడా అందించగానే వచ్చింది. అంటే మాట మెదడులోకి వెళ్లింది, నిలిచింది, బయటికి తీయడానికే శక్తి చాల్లేదు. అల్జీమర్స్‌లో మాట లోపల నిలవదు, అందించినా చాలాసార్లు ప్రయోజనం ఉండదు. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటే, గుండ్రం గీసి పెన్ను కింద పెట్టేశారు. మళ్లీ చేతికిస్తే అంకెలన్నీ సరిగ్గా వేసి, ముళ్లు కూడా సరిగ్గానే పెట్టారు.

తర్వాత పరీక్షలో లేని ప్రశ్న ఒకటి వేశాను. ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే బస్సులో స్టేజీలు చెప్పమన్నాను. తణికెళ్ల, కొణిజర్ల, వైరా, తల్లాడ, కల్లూరు, పెనుబల్లి, సత్తుపల్లి. మధ్యమధ్యలో చిన్న స్టేజీలు కూడా చెప్పారు, నేను రాసుకోలేకపోయాను. ఇది రోగనిర్ధారణకు పనికొచ్చే ఆధారం కాదు. అల్జీమర్స్‌లో కూడా పాత జ్ఞాపకాలు చాలాకాలం చెక్కుచెదరవు. కానీ ఆ రెండు నిమిషాలు ఆయన తల పైకెత్తి, గొంతు పెంచి మాట్లాడారు. భార్య ఆశ్చర్యపోయి చూశారు. ఎక్కడ పట్టుకుంటే ఆయన్ను మళ్లీ పనిలోకి లాగొచ్చో నాకు తెలిసింది.

పెద్దవాళ్లలో డిప్రెషన్ పట్టుకోవడానికి తయారుచేసిన జీడీఎస్ అనే 15 ప్రశ్నల పట్టిక ఉంది. అవును, కాదు అంటే చాలు. ఒంటినొప్పులు, మలబద్ధకం లాంటి శరీర లక్షణాలను అందులో కావాలనే పెట్టలేదు, ఎందుకంటే ఆ వయసులో అవి డిప్రెషన్ లేకపోయినా ఉంటాయి. ఆయనకు 12 వచ్చింది. ఐదు దాటితే అనుమానించాలి.

డిప్రెషన్ డెమెన్షియా వేషంలో రావడం వైద్యానికి కొత్త కాదు. 1961లోనే లెస్లీ కైలో అనే సైకియాట్రిస్టు ఇలాంటి కేసులను వివరించి రాశారు. అప్పటినుంచి ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఐనా ఓపీలో పది నిమిషాల టైములో స్కాను చూడటం తేలిక, మనిషి చెప్పేది వినడం కష్టం.

స్కాను సంగతికొస్తే, రిపోర్టులో రాసింది "వయసుకు తగిన స్వల్ప అట్రఫీ", అంటే వయసుతో మెదడు కాస్త తగ్గడం. అరవై దాటిన చాలామంది స్కానుల్లో ఆ మాట ఉంటుంది. తల వెంట్రుకలు నెరిసినట్టే అది. కొడుకు గూగుల్‌లో వెతికి, మెదడు కుంచించుకుపోతోందని అర్థం చేసుకుని, నాన్నకు కూడా చదివి వినిపించాడు. రిపోర్టు ఇచ్చేవాళ్లు ఒక్క వాక్యం విడమరిచి చెప్పి ఉంటే ఈ కుటుంబానికి నెల రోజుల భయం తప్పేది.

కారణాలు

"దేనివల్ల వచ్చింది సార్?" అని ప్రతి కుటుంబమూ ఒకే కారణం అడుగుతుంది. ఒకే కారణం ఎప్పుడో గానీ ఉండదు.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, హిమోగ్లోబిన్, సోడియం బాగానే ఉన్నాయి. బీ12 మాత్రం 172 వచ్చింది, 200 కంటే తక్కువ. ఆయన పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. బీ12 లోపం వల్ల నీరసం, మరుపు, మూడ్ మార్పులు రావచ్చు. దీన్ని సరిచేయాలి. కానీ మొత్తం జబ్బును దీని మీదికే నెట్టేయలేం. పైగా షుగర్ లేనివాళ్లతో పోలిస్తే షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ సుమారు రెండింతలు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

ఇది ఆయనకు మొదటిసారి కూడా కాదు. 2019 అక్టోబరు, నవంబరులో తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. జీతాల్లేవు, ఉద్యోగాలుంటాయో లేదో తెలియదు. సమ్మె ముగిసి డ్యూటీలో చేరాక కూడా మూడు నెలలు ఆయన ఇలాగే ఉన్నారని భార్య గుర్తుచేసుకున్నారు. అప్పుడు అందరూ టెన్షన్ అనుకున్నారు. నిజానికి అది తొలి ఎపిసోడ్. ఒకసారి వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి మళ్లీ వస్తుంది. పాత చరిత్ర అడగకుండా పెద్దవాళ్ల మరుపుకు పేరు పెట్టకూడదని నేను జూనియర్లకు చెప్పేది అందుకే.

కుటుంబ చరిత్ర మూడో విజిట్‌లో బయటపడింది. ఆయన చిన్నాన్న నలభై ఏళ్ల క్రితం ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. కవలలపై జరిగిన పరిశోధనల ప్రకారం డిప్రెషన్‌లో వంశపారంపర్యం వాటా మూడో వంతుకు కాస్త పైన. అంటే జన్యువులు తలుపు కాస్త తెరిచి ఉంచుతాయి, లోపలికి నెట్టేది చాలావరకు జీవితమే.

ఇక్కడ ఆ నెట్టింది ఏమిటి? రిటైరయ్యాక మొదటి రెండేళ్లు బాగానే గడిచాయి. పింఛను కొద్దిపాటిదే, ఆ చింత కొంత ఉంది. చిన్న కొడుకు ఫ్లాట్ లోనుకు హామీ సంతకం పెట్టారు. ఇవన్నీ మోశారు. పోయినేడు కూతురికి హైదరాబాద్‌లో కాన్పు అయింది. కూతురిది ఐటీ ఉద్యోగం. పిల్లను చూసుకోవడానికి భార్య వెళ్లారు. మూడు నెలలనుకున్నది ఎనిమిది నెలలైంది. సంక్రాంతికి వచ్చి మళ్లీ వెళ్లారు. ఈయన ఒక్కరే ఇంట్లో. కర్రీ పాయింట్ నుంచి కూర, సాయంత్రం టీవీ. మాట్లాడే మనిషి లేరు.

ఈ సంగతి మన ఇళ్లలో చాలా మామూలైపోయింది గనక ఎవరికీ అది కారణంలా కనిపించదు. అమ్మ హైదరాబాద్‌లో మనవరాలితో, లేదంటే ఆరు నెలలు డాలస్‌లో. నాన్న ఊళ్లో ఇంటికి కాపలా. ముప్పై అయిదేళ్లు కలిసి బతికినవాళ్లను అరవై దాటాక మనం విడివిడిగా ఉంచుతున్నాం, అదీ వాళ్ల ప్రేమను వాడుకుని. కూతురి అవసరం నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ ఈ ఏర్పాటులో నష్టపోతున్న మనిషి ఒకరున్నారని లెక్కలో రాయాలి.

మెదడులో సెరొటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. విషయం అంత సులువు కాదు, రక్తంలో కొలిచి చెప్పే పరీక్షా లేదు. సెరొటోనిన్ మీద పనిచేసే మందులు మాత్రం చాలామందిలో పనిచేస్తాయి. పారాసెటమాల్‌తో జ్వరం తగ్గినంత మాత్రాన, ఒంట్లో పారాసెటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని అనం కదా.

చికిత్స

డోనెపెజిల్ ఆపేశాం. బీ12 ఇంజక్షన్లు మొదలుపెట్టాం. ఈసీజీ, సోడియం చూసుకుని డిప్రెషన్ మందు ఎస్సిటలోప్రామ్ 5 ఎంజీతో మొదలుపెట్టి, వారం తర్వాత 10 చేశాం. అరవై దాటినవాళ్లకు మామూలుగా నేను అంతకు మించి పోను. నిద్ర, ఆకలి కోసం రాత్రి మిర్టాజపిన్ 7.5 ఎంజీ. ఇది బరువు పెంచుతుంది, ఈయనకు కావలసింది అదే. కాకపోతే షుగర్ చూసుకుంటూ ఉండాలి.

మందుల కంటే ముందు మాట్లాడింది భద్రత గురించి. ఆయన్ను ఒంటరిగా వదలకూడదు. మందులన్నీ కొడుకు దగ్గర ఉండాలి, ఏ రోజువి ఆ రోజే ఇవ్వాలి. పెరట్లో మిగిలిపోయిన పురుగుమందు డబ్బా ఆ సాయంత్రమే ఇంట్లోంచి తీసేయాలి. రాత్రి ఏదైనా భయం వేస్తే ఫోన్ చేయడానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. అది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పాస్‌బుక్‌లో డబ్బు ఉన్నా, అంతా అయిపోయిందని ఆయన అంటున్నారు. బుక్ చూపిస్తే కాసేపు నమ్ముతారు, మళ్లీ మొదటికే వస్తారు. ఎంత చూపించినా నమ్మని స్థితికి చేరితే అది భ్రమ, చికిత్స మారిపోతుంది, కొందరికి ఈసీటీ (మత్తిచ్చి చేసే కరెంటు చికిత్స) అవసరమవుతుంది. ఈయన అక్కడిదాకా రాలేదు, కానీ ప్రతి విజిట్‌లో అది అడుగుతూ వచ్చాను.

భార్య ఖమ్మంలోనే ఉండిపోయారు. కూతురు మొదట నొచ్చుకుంది. ఫోన్‌లో విషయం చెప్పాక తనే ఆయాను పెట్టుకుంది.

ఇంట్లోవాళ్లకు ఇచ్చిన పని ఒకటే: "ధైర్యంగా ఉండు, నీకేం తక్కువ" అనడం మానేయండి, చిన్న పనులు ఒప్పజెప్పండి. మొదటి వారం పొద్దున పాల ప్యాకెట్ తేవడం. తర్వాత ఇంటి ఖర్చు ఒక నోటుబుక్కులో రాయడం. ఆయనకు లెక్క అంటే ప్రాణం. భయపడుతూనే మొదలుపెట్టారు. మొదటి పేజీలో మూడే పద్దులున్నాయి, కూడిక సరిగ్గా ఉంది. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఎదురుచూస్తే ఆ రోజు రాదు. పని కాస్త ముందు మొదలవ్వాలి, మనసు వెనక నుంచి వస్తుంది.

ఎలా నడిచింది

రెండు వారాలకు నిద్ర ఐదున్నర దాకా సాగింది. మిగతా ఏమీ మారలేదు. "మందు పనిచేయట్లేదు" అని కొడుకు నిరాశపడ్డాడు. పెద్దవయసులో పూర్తి ఫలితం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుందని ముందే చెప్పి ఉండటం ఇక్కడ ఉపయోగపడింది. అదే విజిట్‌లో సోడియం 138 నుంచి 132కి దిగింది. ఈ రకం మందులతో పెద్దవాళ్లలో ఇది జరుగుతుంది. చూసుకోకపోతే తికమక, తూలిపడటం, ఫిట్స్ దాకా పోవచ్చు. ఆయనకు లక్షణాలేమీ లేవు, వారానికి మళ్లీ చూస్తే 134. మందు కొనసాగించాం.

నాలుగో వారంలో భార్య ఫోన్ చేసి, పప్పులో ఉప్పెక్కువైందని ఆయన విసుక్కున్నారని చెప్పారు. రుచి తెలియడం, విసుక్కునే ఓపిక రావడం నా దృష్టిలో మంచి లక్షణాలే. పదో వారానికి జీడీఎస్ 4, ఎంఎంఎస్‌ఈ 27. బరువు 65. చావు ఆలోచనలు లేవు. తేదీ అడిగితే తిథితో సహా చెప్పారు. ఆరు నెలలకు ఎంఎంఎస్‌ఈ 28 ఉంది. పేర్లు గుర్తుచేసుకోవడంలో మునుపటి కంటే కాస్త నిదానం మాత్రం మిగిలింది.

ఆ మిగిలిన నిదానాన్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు. పెద్దవయసులో డిప్రెషన్‌తో పాటు మరుపు వచ్చి, చికిత్సతో తగ్గినవాళ్లలో కొందరికి తర్వాతి ఏళ్లలో నిజమైన డెమెన్షియా వస్తుంది. కొడుకుతో ఇది దాచకుండా చెప్పాను. "అంటే మొదటి డాక్టరు చెప్పిందే నిజమా?" అన్నాడు. కాదు. ఈ రోజు ఆయనకున్నది డిప్రెషన్, అది తగ్గింది. రేపు ఏమవుతుందో చూడటానికి ఏడాదికోసారి అదే పరీక్ష మళ్లీ చేస్తాం. బీపీ, షుగర్ అదుపులో పెట్టడం రెండు జబ్బులకూ మంచిదే.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ లాంటి సాధారణ మానసిక సమస్యలున్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మన రెండు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు, కానీ ఓపీలో చూస్తున్నదాన్నిబట్టి ఇక్కడ పరిస్థితి మెరుగ్గా ఉందని నేననుకోను. ఈయన చికిత్స అందినవాళ్లలో ఒకరు, అదీ మరుపు పేరుతో రాబట్టి. కేవలం మాట్లాడటం తగ్గించి మూలన కూర్చుని ఉంటే ఎవరూ తీసుకొచ్చేవారు కాదు.

ఇప్పటి ప్లాన్: ఇది రెండో ఎపిసోడ్, వయసు కూడా పైబడింది కాబట్టి మందు కనీసం రెండేళ్లు. ఇవి అలవాటు పడే మందులు కావు, కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉంటాయి. కాబట్టి బాగున్నామని సొంతంగా ఆపొద్దని ఆయనకు, భార్యకు విడివిడిగా చెప్పాను. మిర్టాజపిన్ వచ్చే నెల నుంచి తగ్గించి చూస్తాం. సోడియం, బీ12 మూడు నెలలకోసారి. సంక్రాంతి ముందు ఒక విజిట్ తప్పనిసరి. పండగ తర్వాత భార్య మళ్లీ హైదరాబాద్ వెళ్లాలనుకుంటే ఇద్దరూ కలిసే వెళ్లాలి, వెళ్లినచోట ఆయనకో పని ఉండాలి. మనవరాలిని పార్కుకు తీసుకెళ్లడం తన డ్యూటీ అని ఆయనే అన్నారు. టైమింగ్స్ కూడా చెప్పారు.